చిల్లు కుండ భూగోళం

మట్టి పంతులు గారు పోయారట. ఈ ఉదయం కాలవ లాకు దగ్గర పడవ సరంగు చెప్పాడు. బడికి పలకల కట్ట ఒకటి రాజమహేంద్రవరం నుంచి రావలసి ఉంది. వచ్చిందేమో చూద్దామని నేనే వెళ్లాను. లాకులో నీళ్లు తగ్గుతున్నకొద్దీ పడవ కిందికి దిగుతోంది. సరంగు చుట్ట వెలిగించుకుంటూ, మిరపకాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

"ధవళేశ్వరంలో ఆ మట్టి పంతులు గారు కాలం చేసేరండి. తమకి కబురందిందాండి?"

కబురు ఎవరు పంపుతారు? నేను ఆయనకు చుట్టాన్ని కాను. ఆయనకు చుట్టాలంటూ ఉన్నారని కూడా నేనెప్పుడూ వినలేదు. "ఎప్పుడురా?" అంటే, "శానా రోజులైందంటండి. జబ్బేం లేదంట. బళ్లో పిల్లలకి ఏదో చెబుతా చెబుతా కూలబడిపోయేరంట," అన్నాడు. పలకలు రాలేదన్న మాట కూడా చెప్పి పడవ విప్పుకుని వెళ్లిపోయాడు.

నేను ఇంటికి వెళ్లలేదు. లాకు గట్టు మీద రాతి చప్టా ఉంటే దాని మీద కూర్చున్నాను. ఇంటికి వెళితే మా ఆవిడకు చెప్పాలి. ఆయన మాట మా ఇంట్లో ఎత్తడం మానేసి ఎన్నో ఏళ్లయింది. ఎత్తితే ఆవిడ ముఖం ఎలా అవుతుందో నాకు తెలియదు. తెలియని చోటికి పోవడానికి నాకు ఎప్పుడూ భయమే.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. ఆ పేరు పెట్టి పిలిచినవాణ్ని నేను చూడలేదు. మనిషి పొడుగు, సన్నం. పంచె ఎప్పుడూ మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఉండేది. అంచుకు ఏ ఊరి రేగడో అంటుకుని ఉండేది. గోళ్లలో నలుపు ఏ పండక్కీ పోయేది కాదు. భుజాన గోనె సంచి, దాని నిండా చిన్న చిన్న గుడ్డ మూటలు. కొత్త ఊళ్లో ఆడవాళ్లు మూలికలవాడు అనుకుని, "ఏం మందులున్నాయి బాబూ?" అని అడిగేవారు. "అజీర్తికి లేవమ్మా, అజ్ఞానానికున్నాయి," అనేవాడాయన. వాళ్లకు అర్థమయ్యేది కాదు. అర్థం కానందుకు ఆయనే నవ్వుకునేవాడు.

ఆ మూటల్లో ఉన్నది మట్టి. ఊరికో మూట. ఏ ఊరు వెళ్లినా మంచినీళ్లు అడగక ముందు గుప్పెడు మట్టి అడిగేవాడు.

ఆయన ఉద్యోగం ఏమిటో చెప్పాలి. రాజమహేంద్రవరంలో ఆయన ఉపాధ్యాయుల బడిలో చదువుకుని బయటికి వచ్చిన రోజుల్లోనే సర్కారువారు వీధిబళ్లలో కూడా భూగోళం చెప్పాలని హుకుం వేశారు. హుకుం వెయ్యడం తేలిక. చెప్పేవాడెవడు? నాబోటి వీధిబడి పంతులుకు పద్యాలు వచ్చు, ఎక్కాలు వచ్చు, వడ్డీ లెక్కలు వచ్చు. భూమి అంటే చుట్టూ ఉప్పు సముద్రం, దాని అవతల చెరుకు రసం సముద్రం, ఆ అవతల నెయ్యి, పెరుగు, పాలు. అందుకని మాకు నేర్పమని ఆయన్ని ఊళ్ల మీదికి పంపారు. పంతుళ్లకు పంతులన్న మాట.

ఆ పనికి ఇంకొకణ్ని పంపి ఉంటే మమ్మల్ని వెక్కిరించి పోయేవాడు. ఈయన మమ్మల్ని "గురువుగారూ" అని పిలిచేవాడు. తనకంటే చిన్నవాణ్ని, నన్ను కూడా అలాగే పిలిచాడు. నేను మొదటిసారి నా ఏడు సముద్రాలూ వప్పజెబితే శ్రద్ధగా విన్నాడు.

"నెయ్యి సముద్రం ఉంటే బాగానే ఉండునండి గురువుగారూ. మన ఖర్మకొద్దీ కాకినాడ రేవులో ఉప్పునీళ్లే ఉన్నాయి," అన్నాడు. అంతే. ఆ తరువాత నేను ఆ సముద్రాల ఊసు ఎత్తలేదు.

మా అరుగు మీద పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతున్నారు. ఆయన వంగి చిటికెడు ఇసుక తీసి అరచేతిలో పోసుకున్నాడు.

"ఈ ఇసుక ఎక్కడిదండీ?"

"కాలవ గట్టుదండి," అన్నాను.

"కాలవకెక్కడిదండీ?"

"గోదావరిదండి."

"మరి గోదారికో?"

ఇన్నాళ్లూ పిల్లల వేళ్లు పట్టుకుని ఆ ఇసుకలో ఓనమాలు దిద్దించాను గాని, అది ఎక్కడిదని నన్ను నేను అడిగిన పాపాన పోలేదు. ఆయన సంచిలోంచి సూదంటురాయి తీసి ఇసుకలో తిప్పాడు. నల్లటి రేణువులు గబగబా దానికి అంటుకున్నాయి. పిల్లలు దిద్దడం ఆపి మీద పడ్డారు. "ఇవి కొండల్లోవిరా. మీరు ఎప్పుడూ చూడని కొండలు అరిగి, మీరు 'అ' రాసుకోడానికి ఇంత దూరం నడిచొచ్చాయి," అన్నాడు వాళ్లతో. ఆ రోజు పిల్లలు ఇసుకను కాలితో తొక్కడానికి భయపడ్డారు.

ఇంకొక అలవాటు ఉండేది ఆయనకు. మట్టిని నాలిక మీద వేసుకుని చూసేవాడు. మా ఆవిడ మజ్జిగ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అది చూసి లోపలికి పరిగెత్తింది. నేను వెనక వెళితే, "ఏమండీ, ఆయన మట్టి తింటున్నారు. ఇంట్లో పెట్టేవాళ్లు లేరు కాబోలు," అంది. కంట నీరు పెట్టుకున్నంత పని చేసింది. ఆ పూట విస్తరి వేసి గోంగూర, ముద్దపప్పు, వెన్న పెట్టింది. ఆయన తిని, "మీ ఊరి మట్టి కాస్త ఉప్పనమ్మా. సముద్రం ఇంకా మిమ్మల్ని పూర్తిగా వదల్లేదు. గోంగూరకు ఆ రుచి అందుకే," అన్నాడు. పొగిడాడో, పాఠం చెప్పాడో ఆవిడకు తెలియలేదు. తరువాత ఎప్పుడు వచ్చినా, "అన్నయ్యగారూ, ముందు అన్నం, తరవాత మట్టి," అనేది. మా అబ్బాయి సూరిబాబుకు ఆయనే పెద్దమామయ్య అయిపోయాడు.

ఇక గుమ్మడికాయ సంగతి.

భూమి గుండ్రంగా ఉంటుందని పుస్తకంలో ఉంది. చేత్తో పట్టుకుని చూపించనిదే పిల్లలకు అది ఎక్కదు. మా ఆవిడ వంటింట్లోంచి నేను గుమ్మడికాయ తెచ్చాను. పైనా కిందా కాస్త నొక్కుకుని ఉంటుంది కాబట్టి ఇంతకంటే మంచి భూమి దొరకదని మురిసిపోయాను. సుద్దతో గీతలు గీసి కొన్నాళ్లు బ్రహ్మాండంగా చెప్పాను. ఆ పైన అది పులుసులోకి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు.

"భూమి ఎలా ఉంటుందిరా?"

"గుండ్రంగా ఉంటుందండి."

"ఇంకా?"

"పైనా కిందా కాస్త నొక్కుకుపోయి ఉంటుందండి."

ఇన్‌స్పెక్టరు గారి ముఖం వికసించింది. నా ఛాతీ పొంగింది. అంతలో వెనక వరసలోంచి ఒక గడుగ్గాయి లేచి, "పైన తొడిమ కూడా ఉంటుందండి," అన్నాడు.

"ఏంటీ?"

"తొడిమండి. ఉత్తర ధ్రువం కాడ."

మిగతా పిల్లలందరూ ఔనౌనన్నారు. తొడిమ ఎంత పొడుగుంటుందో చేతులతో చూపించారు కూడా. ఆ ఏడు మా బడి పరువు ఆ తొడిమకు వేలాడింది.

ఈ కథ చెబితే మట్టి పంతులు గారు అరుగు మీద దొర్లి దొర్లి నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి గంభీరంగా అయిపోయారు. "తప్పు పిల్లలది కాదండి, మీదీ కాదు. గుమ్మడికాయది," అన్నారు. రాజమహేంద్రవరం పెద్దబడిలో ఇంగ్లీషువాళ్ల సీమనుంచి ఓడలో వచ్చిన భూగోళం ఒకటి ఉందట. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారట. "బీరువాలో భూమి ఉంటే ఎవడికేం లాభమండీ? పిల్లాడు చేత్తో తిప్పాలి. మురికి చెయ్యాలి. మనకేం తక్కువ? మట్టి ఉంది, కుమ్మరి ఉన్నాడు. మన భూమిని మన భూమితోనే చేద్దాం."

ఆ రోజు నుంచీ ఆయనకు అదే లోకం. ఊరూరా వీధిబడికి ఒక మట్టి భూగోళం ఉండాలి. రాజమహేంద్రవరంలో పైఅధికారిని పట్టుకున్నాడు. ఆయన, "ముందు ఒక్క బడిలో పెట్టి చూపించు. పిల్లలు సరిగా జవాబులు చెబితే అన్ని బళ్లకూ చేయించమని నేనే రాస్తాను," అన్నాడట. ఆ ఒక్క బడి మా బడి అయింది.

మా ఊరి కుమ్మరి వీరన్న ముందే చెప్పాడు. "మూతి లేని కుండ ఆవంలో ఎడితే పేలుద్దండి బాబయ్యా. లోపల గాలి యాడికి పోద్ది?"

ఈయన వినలేదు. గుండ్రంగా, ఎక్కడా సందు లేకుండా చేయించాడు. అది ఆవంలో కాలుతుండగా పేలి చుట్టూ ఉన్న కుండలన్నిటినీ పగలగొట్టింది. వీరన్న తిట్టలేక తలపట్టుకుని కూర్చున్నాడు. ఈయన ముక్కలు ఏరుకుంటూ, "చూశారా గురువుగారూ, లోపలి గాలి బయటికి రావాలంటే ఏం చేస్తుందో. కొండలు కూడా ఇలాగే పేలుతాయట కొన్ని దేశాల్లో," అన్నాడు సంతోషంగా. నష్టంలో కూడా పాఠం దొరికితే ఆయనకు చాలు.

రెండోసారి చిన్న చిల్లు పెట్టారు. గాలి పోవడానికి. అది పేలకుండా ఎర్రగా కాలి వచ్చింది. సున్నం పూసి, సముద్రాలకు నీలిమందు, నేలకు ఎర్ర జేగురు అద్దాడు. చిల్లు దక్షిణ ధ్రువం దగ్గర వచ్చేలా కొబ్బరి తాడు కట్టాడు. తలుపులు మూసి దీపం పెట్టి తాడు మెలివేసి వదిలితే, రాత్రీ పగలూ మా గదిలోనే తిరిగాయి.

ఇక్కడే వచ్చింది చిక్కు. మాలో మనిషి పోతే, తలకొరివి పెట్టేవాడు నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతాడు. ఆ కుండకు చిల్లు పెడతారు. అందుకే చిల్లు కుండ అన్న మాటే అశుభం. ఇంట్లో కుండకు చిల్లు పడితే ఆ పూటే బయట పారేస్తారు. దానికి తోడు ఈ చిల్లు దక్షిణాన ఉంది. దక్షిణం యముడి దిక్కు.

"పోనీ ఉత్తరానికి మార్చండి," అన్నాను నేను.

"ఉత్తరాన పెడితే తొడిమ అంటారు, దక్షిణాన పెడితే యముడంటారు. నేనెక్కడికి పోనండీ?" అన్నాడు.

చుట్టుపక్కల పంతుళ్లు ఒక్కరూ ఒప్పుకోలేదు. సామర్లకోట దారిలో ఒక ముసలి పంతులు చేతులు జోడించి, "నేను పోయాక మోస్తారు లెండి బాబూ. ఇప్పట్నించీ ఎందుకూ?" అన్నాడట. నేను ఒప్పుకున్నాను. ధైర్యవంతుణ్నని కాదు. ఆ మనిషి ముఖం చూసి కాదనలేకపోయాను, పైగా ఆ భూగోళం నాకు నచ్చింది. మా బడి అంటే మా ఇంటి అరుగే. వాసానికి కట్టి వేలాడదీశాను.

దానితో ఎక్కువ ఆడుకున్నవాడు మా సూరిబాబు. పొద్దున్నే లేచి అరుగు మీదికి పరిగెత్తేవాడు. మన గోదావరి సముద్రంలో కలిసే చోట వేలు పెట్టి, "నాన్నా, మన ఊరు, యానాం, రాజమండ్రి, అన్నీ నా వేలు కిందే ఉన్నాయి," అనేవాడు. కాసేపు అలాగే ఉంచి, వేలు తీసి, "ఇప్పుడు అందరికీ గాలాడుతోందా?" అని లోపల ఉన్న తల్లిని కేకేసి అడిగేవాడు. "ఆడుతోంది నాయనా, హాయిగా ఉంది," అనేది ఆవిడ పొయ్యి ఊదుకుంటూ. రోజూ ఇదే ఆట. నాకు విసుగొచ్చేది. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది.

వానలు వెనకపట్టిన తరువాత ఊళ్లో జ్వరాలు వచ్చాయి. ఏటా వచ్చేవే. ఆ ఏడు మా ఇంటికి వచ్చాయి. వాడి జబ్బు గురించి ఏమీ రాయను. ఏటి ఒడ్డుకు తీసుకువెళ్లి, వాడు లేకుండా తిరిగి వచ్చాం.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఊరికి జ్వరం మీద ఉన్న కోపం కుండ మీద చూపించింది. పంతులు గుమ్మంలో చిల్లు కుండ కట్టాడు, దక్షిణం వైపు నోరు పెట్టి యముణ్ని పిలిచాడు అన్నారు. ముఖం మీద ఎవరూ అనలేదు. పిల్లల్ని పంపడం మానేశారు. అరుగు మీద ఇసుక ఎవరూ తాకకుండా చదునుగా ఉండిపోయింది. అబద్ధమెందుకు, రాత్రింబవళ్లు విని విని నాకు కూడా ఒక క్షణం అదే నిజమేమో అనిపించింది.

మా ఆవిడ మాట్లాడలేదు. ఏడవను కూడా లేదు. గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే ముట్టదు, పిలిస్తే పలకదు. మా అత్తగారు వచ్చి కూతుర్ని చూసి, అరుగు మీద వేలాడుతున్న దాన్ని చూసి, నన్ను చూసి, "అమ్మాయిని మా ఊరు తీసుకుపోతాను నాయనా. ఇక్కడుంటే ఇదీ దక్కదు," అంది. ఆ మాటలో, మళ్లీ పంపను అన్న మాట కూడా ఉంది. ఆ కుండ విప్పి అవతల పారేస్తే, కొడుకును నేనే చంపానని ఒప్పుకున్నట్టు. విప్పకపోతే ఆమె వెళ్లిపోతుంది. పడవ కుదుర్చుకున్నారు. సామాను కట్టారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. మా వాకిట్లో అప్పటికి చాలామంది ఉన్నారు, పంపించడానికి వచ్చినవాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు. సంచి రేవులో దింపి వచ్చాడేమో, భుజం బోసిగా ఉంది. సంచి లేకుండా ఆయన్ని చూడ్డం అదే మొదటిసారి. అరుగు ఎక్కలేదు. వాకిట్లో ఎండలో నిలబడి లోపలికి వినపడేలా అన్నాడు.

"అమ్మా, ఇది నేను చేసిన పని. పంతులు గారు వద్దన్నారు. కాళ్లావేళ్లా పడి నేనే కట్టించాను. ఆయన దోషం ఇందులో ఇసుమంత లేదు. ఏమన్నా నన్ను అను తల్లీ."

నిజానికి నేను వద్దనలేదు. ఆయన కాళ్లావేళ్లా పడలేదు. నోరు తెరవబోతే, నావైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి చూపాడు.

లోపలినుంచి మా ఆవిడ వచ్చింది. జుట్టు విరబోసుకుని, గుమ్మం పట్టుకుని నిలబడింది. అప్పుడు వచ్చింది ఆ ఏడుపు. బిడ్డ పోయిన నాటి నుంచీ రానిదంతా వచ్చింది. "నా కొంపలో దీపం ఆర్పావు కదయ్యా! నా చేతి అన్నం తిని నా బిడ్డను తిన్నావు కదయ్యా! మట్టిలో పుట్టిన పురుగువి, మట్టి కొట్టుకుపోతావు!" అంది. ఇంకా అంది. అన్నీ నేను రాయలేను. ఆయన తల వంచుకుని, చేతులు కట్టుకుని, చివరి దాకా విన్నాడు. పాఠం వినే పిల్లవాడిలాగా విన్నాడు.

ఆవిడ గొంతు పోయి కూలబడ్డాక, ఆయన మెల్లగా వచ్చి తాడు విప్పి భూగోళాన్ని కండువాలో చుట్టుకున్నాడు. ఊరివాళ్లవైపు తిరిగి, "ఇకమీదట ఏ ఊళ్లోనూ, ఏ బడిలోనూ ఇది కట్టించను. గోదారి సాక్షి. పిల్లల్ని పంపించండి బాబూ. ఈయన మంచి పంతులు," అన్నాడు.

కాలవ రేవు దాకా నేను వెనకాలే వెళ్లాను. నాకు దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి.

"ఎందుకండీ అలా అన్నారు? అది నిజం కాదు కదా! ఇంకొన్నాళ్లలో పైవాళ్లు చూడ్డానికి వస్తున్నారు కదా! మీరు ఇంత కాలం పడ్డ కష్టమంతా..."

"కష్టందేముందండీ," అన్నాడు. పడవ ఎక్కుతూ ఆగాడు. "జ్వరం కుండ వల్ల రాదని మీకు తెలుసు, నాకు తెలుసు. తెలిసినవాళ్లం ఇద్దరం ఊరుకుంటే ఒక ఇల్లు నిలబడుతుంది. ఆ తల్లి ఏడ్చింది చూశారా? ఇవాళ అన్నం తింటుంది. వెళ్లండి గురువుగారూ, వెళ్లి దగ్గరుండండి."

ఆ సాయంత్రం మా ఆవిడ అన్నం తింది. కట్టిన సామాను విప్పారు. మా అత్తగారు ఒక్కర్తే వెళ్లిపోయింది. మర్నాటి నుంచే ఒక్కొక్కరు పిల్లల్ని పంపడం మొదలుపెట్టారు. ఆయన అనుకున్నదంతా జరిగింది. ఆయన కోరుకున్నది మాత్రం జరగలేదు. పైఅధికారి వచ్చి ఏదయ్యా నీ భూగోళం అంటే, "వీలుపడలేదండి," అన్నాడట. ఎందుకు వీలుపడలేదో చెప్పలేదట. కొన్నాళ్లకు ఆ ఊళ్లు తిరిగే ఉద్యోగమే తీసేశారు. ధవళేశ్వరంలో ఏదో చిన్న బడిలో చేరాడు. వీధిబళ్లలో ఇప్పటికీ మేము నారింజపండనీ నిమ్మకాయనీ చూపిస్తూనే ఉన్నాం.

సెలవుల్లో ఆయన తిరుగుడు మానలేదు. మా కాలవ మీదుగానే వెళ్లేవాడు. లాకు దగ్గర పడవ ఆగితే దిగేవాడు కాదు. నేను గట్టు మీద, ఆయన పడవలో. "అమ్మ బాగుందాండీ?" అని మాత్రం అడిగేవాడు. బాగుందనేవాణ్ని. ఇంటికి రమ్మని నేను పిలవలేదు. ఎలా పిలవను? పడవ కదిలేముందు సరంగు చేత ఆకు పొట్లం ఒకటి అందించేవాడు. అందులో ఏ పైఊరిదో ఎర్రమన్నో, సున్నపురాతి గనిలో దొరికిన, రాయిగా మారిపోయిన గవ్వో ఉండేది. వాటితోనే నేను ఇన్నేళ్లూ భూగోళం చెప్పాను. మా పిల్లలు తనిఖీల్లో ఎన్నడూ తప్పలేదు.

లాకు గట్టు మీద ఎండ నెత్తి మీదికి వచ్చాక లేచి ఇంటికి వెళ్లాను. మా ఆవిడ చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆవిడ జుట్టు ఎప్పుడో నెరిసిపోయింది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"మట్టి పంతులు గారు పోయారట."

చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"దగ్గర ఎవరున్నారట?"

"ఎవరూ లేరట. బళ్లో పిల్లలే."

బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెడుతూ, "కుండ వల్ల కాదని నాకు తెలుసండి," అంది.

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"అప్పుడే తెలుసు. ఎదురింటి రంగమ్మ పిల్ల పోలేదా ఆ వారంలోనే? వాళ్లింట్లో ఏ కుండ కట్టారు? జ్వరానికి కుండలూ కూజాలూ తెలుసాండీ?"

"మరి అన్నేసి మాటలు అన్నావు ఆయన్ని!"

"ఆయనే వచ్చి నిలబడ్డారు కదా, నన్ను తిట్టమ్మా అని. దేవుణ్ని తిట్టడానికి భయం. మిమ్మల్ని తిడితే ఈ ఇంట్లో ఉండలేను. ఎవరో ఒకర్ని తిట్టి ఏడవకపోతే ఆ రోజు నేను కూడా పోదును." చేటలో బియ్యం చేత్తో చదును చేసింది. "చెబుదామనుకున్నానండి. పడవ కూత వినపడినప్పుడల్లా, ఇవాళ వెళ్లి చెబుదాం, అన్నయ్యగారూ నాకు తెలుసు అని చెబుదాం అనుకునేదాన్ని. ఆయన దిగలేదు. నేను గడప దాటలేదు. ఆయన ఆ మాటలన్నీ మూటకట్టుకునే పోయారు."

తెలిసినవాళ్లం ఇద్దరమే అనుకున్నాం మేము. ఆయన అలా అనుకుంటూనే పోయాడు.

ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది. పెరట్లో నూతి దగ్గరికి వెళ్లి చేద వేసింది. రక్తసంబంధం ఉన్నవాళ్ల చావు కబురు వింటే, ఉన్నపళంగా కట్టుబట్టలతో తల మీద నీళ్లు పోసుకోవాలి. పరాయివాళ్లకు అలా చెయ్యరు. ఆవిడ నిండు చేద పైకి లాగి, కొప్పు విప్పి, నెత్తిన కుమ్మరించుకుంది. ఇంకో చేద తోడింది. తడిసిన చీరతో వణుకుతూ నావైపు తిరిగింది.

"మీరూ రండి," అంది. "మనం తప్ప ఆయనకి స్నానం చేసేవాళ్లెవరున్నారండీ?"